ఎనిమిదో నట్టు

"బండికి దమా పట్టిందిరా" అన్నారు అబ్బా. తెల్లారకముందే ఎయిర్‌పోర్టు డ్రాప్ వేసి వచ్చి, తాళంచెవి గూట్లో పెడుతూ అన్న మాట అది. మా అమ్మీకి ఇరవై ఏండ్లుగా దమా. ఆమె మెట్లు ఎట్లా ఆగి ఆగి ఎక్కుతుందో మా ఇన్నోవా ఫ్లైఓవర్లు అట్లా ఎక్కుతోందట. పెడల్ తొక్కితే ముందు కాసేపు ఆలోచిస్తుంది, తర్వాత నల్లగా దగ్గుతుంది, అప్పుడు గానీ కదలదు.

2012 మోడల్ బండి. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజన్, టర్బో ఉన్నది. మీటర్ మూడు లక్షల నలభై వేలు దాటింది. మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మా చెల్లె ఫీజులు, ఇంటి కిరాయి, అమ్మీ ఇన్‌హేలర్లు, పోయిన రంజాన్ తర్వాత అబ్బాకు స్టెంట్ వేసినప్పుడు చేసిన అప్పు, అన్నీ దాని నాలుగు చక్రాల మీదే. నాది చిన్న నౌకరీ. ఇంటికి అసలు రోజీ తెచ్చేది ఆ బండే.

ముందు ఒక వర్క్‌షాపులో చూపిస్తే ఇంజన్ స్టార్ట్ చేయించి, రెండుసార్లు రేస్ ఇప్పించి, టర్బో పోయింది మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన రకం వింటే అబ్బా చేయి ఛాతీ మీదికి పోయింది. అందుకే నేను ఒక బుధవారం సెలవు పెట్టి, అబ్బాను ఇంట్లో ఉండమని, రాణీగంజ్ వెనక గల్లీలో ఉండే ఉస్తాద్ దగ్గరికి బండి తీసుకుపోయాను. జుమేరాత్ ఫజర్ కాగానే గుల్బర్గా బందానవాజ్ దర్గాకు ఒక ఖాందాన్‌ను తీసుకుపోయే బుకింగ్ ఉంది. అడ్వాన్స్ తీసుకున్నాం, అది ఖర్చు కూడా అయిపోయింది. అంటే నా చేతిలో ఉన్నది ఒక్క పగలు.

ఉస్తాద్‌కు అరవై దాటాయి. ఆయన దాదా లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనిచేశారు. 1893 నాటి కార్ఖానా అది, నిజాం రైల్వే కాలంది. సికింద్రాబాద్‌లో ఇట్లా ఇనుముతో రిష్తా ఉన్న ముసల్మాన్ ఖాందాన్‌లు చాలా ఉన్నాయి. రైల్వేలో ఫిట్టర్లు, 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణాలో డ్రైవర్లు, మెకానిక్‌లు. తర్వాతి తరం లారీల మీద పడింది, ఆ తర్వాతిది కార్ల మీద. అసలు ఈ ఊళ్లో ఒక మొహల్లా పేరే కార్ఖానా! మన పెద్దల గురించి రాసేటప్పుడు నవాబులు, షాయర్లే గుర్తొస్తారు మనకు. గ్రీజు అంటిన చేతుల గురించి ఎవరూ రాయరు.

ఉస్తాద్ ఇంజన్ స్టార్ట్ చేయించలేదు. బానెట్ ఎత్తి, టర్బోకు గాలి తెచ్చే హోస్ పైపు క్లిప్ ఊడదీసి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి టర్బో చక్రాన్ని తిప్పి చూశారు. అటూ ఇటూ ఊపి చూశారు. చక్రం హాయిగా తిరిగింది, ఊగులాట లేదు. తర్వాత ఇంటేక్ వైపు గొట్టం ఊడదీసి వేలు పెట్టి బయటికి తీసి నా ముందు పట్టారు. వేలికి తారులాంటిది అంటుకుని ఉంది.

"టర్బో సహీ సలామత్ ఉంది బేటా. ఊపిరి గొట్టం మూసుకుపోయింది. మేనిఫోల్డ్ దించాలె."

మీ ఇంట్లో కూడా డీజిల్ బండి ఉంటే ఈ సంగతి పనికొస్తుంది, అందుకని నాకు అర్థమైనంత చెప్తాను. టర్బో అంటే ఇంజన్ వదిలే శ్వాసతోనే ఇంజన్‌కు ఊపిరి ఊదే కల. పొగ బయటికి పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అటు చివర ఇంకో చక్రం. అది బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిల్ బాగా కాలుతుంది, చిన్న ఇంజన్‌కు పెద్ద తాకత్ వస్తుంది. 1905లో బ్యూకీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. ఇంజన్‌లోకి పోయే ఆ గాలిని ఒక్కో సిలిండర్‌కూ పంచిపెట్టే గొట్టాల గుత్తే ఇంటేక్ మేనిఫోల్డ్. ఒక అరచేయి, నాలుగు వేళ్లు అనుకోండి.

మరి గాలి పోయే దారిలో తారు ఎక్కడిది? ఈ కాలపు డీజిల్ ఇంజన్లలో ఈజీఆర్ అని ఒక వాల్వ్ ఉంటుంది. పొగలో కొంత భాగాన్ని వెనక్కి మళ్లించి మళ్లీ లోపలికే పంపుతుంది. దానివల్ల మంట వేడి తగ్గి, ఊపిరితిత్తులను పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. మంచి పనే. కానీ ఆ పొగతోపాటు మసి వస్తుంది. ఇంకోవైపు ఇంజన్ కింది భాగం నుంచి ఆయిల్ ఆవిరి వస్తుంది. మసి, ఆయిల్ మేనిఫోల్డ్‌లో కలుస్తాయి. ఏండ్ల తరబడి, ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి నడిచే బండిలో, దేగ్‌లో అడుగంటిన హలీమ్‌లా గోడలకు పట్టేస్తాయి. టర్బో ఎంత ఊదినా దారి లేకపోతే ఏం చేస్తుంది పాపం!

"చాలామంది ఈజీఆర్‌కు అడ్డంగా రేకు ముక్క పెట్టి మూసేయమంటరు. మళ్లా మసి రాదు, పికప్ బాగుంటది అని" అన్నారు ఉస్తాద్.

నాకు వెంటనే ఆశ పుట్టింది. "మరి పెడదామా?"

"అమ్మీకి దమా అంటివి కదా. మీ గల్లీలో రోజూ బండి స్టార్ట్ చేస్తరు. ఆ పొగ ఎవరి ఛాతీలకు పోతది?"

అది కానూన్‌కు కూడా ఖిలాఫ్ అని తర్వాత చెప్పారు. ముందు చెప్పింది మాత్రం అమ్మీ గురించే.

పని మొదలైంది. ఉస్తాద్ దగ్గర ఒక షాగిర్ద్ ఉన్నాడు. పద్దెనిమిదేండ్ల పిల్లగాడు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి వచ్చాడు. మాట తక్కువ. ముందు బ్యాటరీ నెగెటివ్ తీశాడు. ఇంజన్ చల్లారేదాకా ఆగారు. తీసే ప్రతి వైరు కనెక్టర్‌కూ కాగితపు టేప్ చుట్టి నంబర్ రాశాడు, ఫోన్‌తో ఫోటో తీశాడు. టర్బో నుంచి వచ్చే పెద్ద గొట్టం, ఈజీఆర్ పైపు, థ్రాటిల్ బాడీ ఒక్కొక్కటీ వచ్చేశాయి. డీజిల్ పోయే సన్న ఇనుప పైపుల దగ్గర మాత్రం ఉస్తాద్ తానే పానా పట్టారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు వాటిలో వెయ్యి బార్‌లకు మించిన ప్రెషర్ ఉంటుందట. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్‌ల చుట్టుపక్కలే, లెక్క వేసుకోండి. ఊడదీసిన ప్రతి పైపు మూతికీ, పైపు పోయిన ప్రతి చోటికీ శుభ్రమైన పాలిథిన్ కట్టారు. ఒక దుమ్ము రేణువు పోతే ఇంజెక్టర్ ఖతం.

మేనిఫోల్డ్‌ను హెడ్‌కు పట్టి ఉంచేవి ఆరు బోల్టులు, రెండు నట్లు. బిగించేటప్పుడు నడుమ నుంచి చివరలకు పోవాలి, విప్పేటప్పుడు చివరల నుంచి నడిమికి రావాలి. లేకుంటే అల్యూమినియం వంకర పోతుంది. ఉస్తాద్ ఒక చెప్పుల డబ్బా మూత తీసుకుని దాని మీద పెన్సిల్‌తో మేనిఫోల్డ్ బొమ్మ గీశారు. ఎనిమిది చిల్లులు పొడిచారు. ఏ చోటి బోల్టు ఆ చిల్లులోకి. బోల్టులు అట్టలో దిగి గట్టిగా నిలబడ్డాయి. నట్లు మాత్రం చిల్లుల మీద ఊరికే కూర్చున్నాయి.

ఈ మాట గుర్తుంచుకోండి.

మేనిఫోల్డ్ బయటికొచ్చాక దాని నోట్లోకి చూస్తే నాకు వాంతి వచ్చినంత పనైంది. వేళ్లు దూరాల్సిన దారుల్లో పెన్సిల్ దూరేంత చోటు మిగిలింది. "ఈ ముక్కుతోని ఇన్ని రోజులు ఎట్ల బతికింది!" అన్నాడు షాగిర్ద్. పొద్దటినుంచి వాడు నోరు తెరిచింది అప్పుడే.

హెడ్ మీద తెరుచుకున్న రంధ్రాలన్నిటికీ శుభ్రమైన గుడ్డలు కుక్కి, వాడు మేనిఫోల్డ్‌ను డీజిల్ తొట్టిలో వేసి కూర్చున్నాడు. చెక్క పుల్ల, బ్రష్, మళ్లీ డీజిల్. జుహర్ దాకా అదే పని. ఆలోగా నేను రాణీగంజ్ మెయిన్ రోడ్డుకు పోయి ప్యాకింగ్ తెచ్చాను. పాత ప్యాకింగ్ బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదట. ఒకసారి నలిగింది రెండోసారి గాలి ఆపదు. టర్బో బండిలో గాలి లోపలికి పీల్చుకోవడం కాదు, నొక్కుకుని ఉంటుంది కాబట్టి వెంట్రుక సందు దొరికినా ఈల వేస్తూ బయటికొస్తుంది. మొదటి దుకాణంలో చూపించిన రెండు రకాల్లో తేడా నాకు తెలియక ఉస్తాద్‌కు ఫోన్ చేసి, ఫోటో పంపి, ఆఖరికి మూడో దుకాణంలో కొన్నాను.

అసర్ అజాన్ అయింది. ఉస్తాద్ నమాజ్‌కు లేచారు. ఆయన వజూ చూడాలి మీరు. ముందు కొంచెం డీజిల్, తర్వాత రంపంపొట్టు, ఆ తర్వాత సర్ఫ్, గోళ్ల సందుల్లో పాత టూత్‌బ్రష్. మరక ఉంటే పర్వాలేదు, నీళ్లు చర్మానికి తగలకుండా అడ్డంపడే పొర ఉండొద్దు అంటారు. పది నిమిషాలు చేతులకే పట్టింది.

ఆయన అటు పోయాక షాగిర్ద్ గుడ్డలు తీసి హెడ్ ముఖాన్ని చివరిసారి తుడుస్తున్నాడు. నేను చాయ్ తెచ్చాను. గ్లాసులు ఎక్కడ పెట్టాలో తోచక, బానెట్ కింద ముందువైపు పట్టీ మీద ఉన్న అట్టను కొంచెం జరిపి, ఆ చోట పెట్టాను. వాడు నావైపు చూశాడు. ఏమీ అనలేదు. చాయ్ తాగాం.

ఉస్తాద్ వచ్చి కొత్త ప్యాకింగ్ పెట్టారు. శుభ్రమై తెల్లగా మెరుస్తున్న మేనిఫోల్డ్‌ను ఇద్దరూ ఎత్తబోతుండగా ఆయన చూపు అట్ట మీద పడింది. మేనిఫోల్డ్ కింద పెట్టారు.

"ఆఠ్వాఁ కహాఁ హై?"

ఆరు బోల్టులున్నాయి. నట్టు ఒక్కటే ఉంది. ఎనిమిదో చిల్లు ఖాళీ.

షాగిర్ద్ తల దించుకున్నాడు. ఉస్తాద్ వాణ్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఇంత మెత్తటి మనిషి అంత కోపం చేస్తారని అనుకోలేదు. వాడి జేబులు బయటికి తీయించారు. వాటిలో ఒక పది నంబర్ గోటీ, బస్సు టికెట్టు, కొన్ని చిల్లర పైసలు. వాడు మెల్లగా "లోపల చూద్దాం ఉస్తాద్" అన్నాడు. "నోరు ముయ్. ముందు కింద చూడు" అన్నారు ఆయన.

కింద చూశాం. పొడుగు కడ్డీ అయస్కాంతం పట్టుకుని ఇంజన్ కింది మలుపులన్నీ వెతికాం. నేలంతా ఊడ్చాం. రంపంపొట్టు జల్లెడ పట్టాం. టైము ఆరు దాటింది. నా కడుపులో గుల్బర్గా తిరుగుతోంది. ఫజర్‌కు ఆ ఖాందాన్ ముసలీ ముతకా సామాన్లతో ఇంటిముందు నిలబడతారు.

అప్పుడు నేను ఆ మాట అన్నాను. రాయడానికి షరమ్‌గానే ఉంది. "ఉస్తాద్, ఎక్కడో కింద పడిపోయి ఉంటది. మీ డబ్బాలో ఇట్లాంటి నట్లు వంద ఉన్నయి కదా. ఇంకోటి వేసేయండి."

ఆయన చేతులు తుడుచుకుని స్టూల్ మీద కూర్చున్నారు.

"పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్‌కూ మధ్య ఎంత సందు ఉంటదో తెలుసా? ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు. ఆ నట్టు లోపల ఉందనుకో. సెల్ఫ్ కొట్టినవ్. వాల్వ్ తెరుచుకుంటది, నట్టు సందులో ఇరుక్కుంటది, వాల్వ్ మూసుకోదు, పిస్టన్ వచ్చి గుద్దుతది. గారేజ్‌లోనే అయితే ఇంజన్ పోయిందనుకుందాం. మరి హైవే మీద, నీ అబ్బా చేతిలో స్టీరింగ్, వెనక ఏడుగురు ఉంటే?"

నేను మాట్లాడలేదు.

"సరే, నీ బండి. నట్టు ఇస్తా. నేనైతే వెయ్యను. నీ చేత్తో నువ్వు బిగించుకో."

నిజంగానే డబ్బాలోంచి ఒక నట్టు తీసి నా చేతిలో పెట్టారు. అమానత్ అనే మాట చిన్నప్పటి నుంచి మక్తబ్‌లో ఎన్నిసార్లు చదివానో! దాని బరువు ఇంత ఉంటుందని అప్పటిదాకా తెలీదు. తీసుకుపోయి మళ్లీ డబ్బాలో వేశాను.

"కెమెరా పెడదాం ఉస్తాద్" అన్నాడు షాగిర్ద్ మళ్లీ. ఈసారి ఆయన కాదనలేదు. ఫోన్‌కు తగిలించే సన్నని పాములాంటి కెమెరా ఒకటి ఉంది వాళ్ల దగ్గర. ఇంజన్‌ను ఎవరూ వెంట్రుకవాసి కూడా తిప్పొద్దన్నారు ఉస్తాద్. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి గాలి పోయే వాల్వులు రెండేసి. వాడు ఒక్కో దారిలోకి కెమెరా పంపుతున్నాడు, నేను ఫోన్ పట్టుకున్నాను. మొదటిది శుభ్రం. రెండోది శుభ్రం. మూడో సిలిండర్ దగ్గర నల్లటి గుహ, గుహ చివర వాల్వ్ కాడ, కాడ పక్కన ఒక తెల్లటి అంచు.

అల్‌హందులిల్లా అని ముగ్గురం ఒకేసారి అన్నాం. ఆ వాల్వ్ మూసి ఉంది. నట్టు దాని వీపు మీద వాలి కూర్చుంది.

అయస్కాంతం కడ్డీని వాడే లోపలికి దింపాడు. మొదటిసారి తగిలి, కాడకు కొట్టుకుని, జారిపోయింది. ఉస్తాద్ దువా చదవడం వినిపిస్తోంది. రెండోసారి టిక్ మని చిన్న చప్పుడు. బయటికొచ్చింది.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. నడుమ నుంచి చివరలకు, రెండు విడతలుగా, టార్క్ రెంచ్‌తో ఎనిమిదీ బిగించారు. పైపులు, వైర్లు నంబర్ ప్రకారం తగిలించారు. డీజిల్ ఫిల్టర్ మీద చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి, లైన్లో ఉన్న గాలి తీశారు. మూడో సెల్ఫ్‌కు బండి లేచింది. కాసేపు నల్ల పొగ, తర్వాత మామూలైంది. సబ్బు నీళ్లు రాసి చూస్తే ఎక్కడా బుడగ రాలేదు. ఇషా తర్వాత నేను, ఉస్తాద్ ట్యాంక్‌బండ్ దాకా పోయి వచ్చాం. తొక్కగానే టర్బో సన్నగా ఈల వేసి వీపుమీద తోసినట్టు ముందుకు పోయింది. నేను నవ్వుతుంటే ఉస్తాద్ "ధీరే బేటా, ధీరే" అన్నారు.

వచ్చాక చేతులు కడుక్కుంటున్నాను. షాగిర్ద్ పక్కనే నిలబడి నీళ్లు పోస్తున్నాడు.

"నట్టు లోపలే ఉందని నీకెట్లా అనిపించింది?" అని ఊరికే అడిగాను.

వాడు ఉస్తాద్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మీరు చాయ్ గ్లాసు పెట్టేటప్పుడు అట్ట వంగింది భాయ్. అప్పుడు గుడ్డలు తీసి ఉన్నయి. నట్టు పడ్డది చూడలే గానీ, పడితే లోపలికే పడాలె."

"మరి అప్పుడే చెప్పలేదేం? అన్ని తిట్లు తిన్నవు కదరా!"

"మీరు గిరాకీ కదా భాయ్."

నీళ్లు పోస్తూనే ఉన్నాడు. నేను చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. పైసలు ఇచ్చాను, షుక్రియా చెప్పాను, బండెక్కి ఇంటికొచ్చాను. ఉస్తాద్‌కు ఏమీ చెప్పలేదు. లేటైందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఫజర్‌కు అబ్బా బండి తీశారు. మధ్యాహ్నం గుల్బర్గా నుంచి ఫోన్ చేశారు. "దమా పోయిందిరా, గుర్రంలా పోతున్నది" అంటూ ఆయన నవ్వుతుంటే నాకు ఆ పిల్లగాడి జేబులు బయటికి వేలాడటమే కనపడింది. రాత్రి ఆయన తిరిగొచ్చాక జరిగింది చెప్పాను. అబ్బా అన్నం తింటున్నవారు ఆగారు. "ఇంకా చెప్పలేదా?" అని మాత్రం అన్నారు.

జుమా నమాజ్ అయ్యాక పోయాను. ఉస్తాద్ ఒక స్విఫ్ట్ కింద పడుకుని ఉన్నారు. కాళ్లే కనిపిస్తున్నాయి. ఆ కాళ్లకే చెప్పాను, అట్ట నేనే జరిపానని, నట్టు నా వల్లే పడిందని. చాలాసేపు కింద పానా చప్పుడే వినిపించింది. తర్వాత గొంతు వచ్చింది.

"నాకెందుకు చెప్తున్నవ్? జేబులు నావి తీయించలే కదా. వానికి చెప్పు. నేను కూడా చెప్పేది ఉంది."

వాడు రేడియేటర్ దగ్గర నిలబడి అంతా వింటూనే ఉన్నాడు. నేను తిరిగి మాఫ్ చెయ్ తమ్మీ అనేలోపే చెవుల దాకా ఎర్రబడి, "చాయ్ తెస్తా భాయ్" అని గల్లీలోకి ఉరికాడు. మూడు గ్లాసులు తెచ్చాడు. బానెట్ ఎత్తి ఉన్న బండికి ఆరడుగుల దూరంలో, గోడ వారగా, నేల మీద వరసగా పెట్టాడు.